ఎందుకని అడగకూడదు

క్వారీలో రాయి కొట్టడం ఆపేసి ముప్పై ఏళ్ళు దాటింది. నీళ్ళు తోడే మోటార్లు ఆగిపోవడంతో ఊటలు పొంగి, రెండు వానాకాలాల్లో ఆ గొయ్యంతా నిండిపోయింది. అడుగున ఒక పాత లారీ, ఒక క్రేను, మోటార్ల గదికి పోయే సొరంగం అన్నీ ఎక్కడివక్కడే మునిగిపోయాయి. ఆ గట్టు మీదే రేకుల షెడ్డు వేసి అన్నదమ్ములిద్దరూ డైవింగు దుకాణం పెట్టారు. సిలిండర్లు అద్దెకిచ్చేవాళ్ళు, సరదాపడి వచ్చినవాళ్ళని కిందికి తీసుకెళ్ళి చూపించేవాళ్ళు.

అన్నని అందరూ మొసలి అనేవాళ్ళు. నీళ్ళలో దిగితే పైకి రాబుద్ధి కాని మనిషి. ఆయన భార్యని మాత్రం తమ్ముడితో పాటు, వచ్చిపోయేవాళ్ళందరూ వదిన అనే పిలిచేవాళ్ళు. షెడ్డు వెనకగదిలో ఆమె పని. సిలిండరు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్లు విప్పి, ఆవగింజంత రబ్బరు రింగులు మార్చి, గ్రీజు రాసి మళ్ళీ బిగించేది. ఎవరి పరికరం ఎలా ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేది. ఎందుకంటే ఏ ఇద్దరివీ ఒకలా ఉండేవి కావు. గాలి ఎంతుందో చూపే గేజీని ఒకరు ఎడమపక్క పెట్టుకుంటే ఇంకొకరు కుడిపక్క. ఒకరు కత్తి కాలికి కట్టుకుంటే ఇంకొకరు ఇంట్లో మర్చిపోయేవారు. ఇక మొసలి సంగతి చెప్పనే అక్కర్లేదు. నోట్లో పెట్టుకునేది కాక, అవసరానికి ఇంకో మౌత్‌పీసు ఉంటుంది కదా, దాన్ని ఒకరోజు ఛాతీ మీద వేలాడేసేవాడు, ఇంకోరోజు జేబులో కుక్కేవాడు.

"దానికో చోటు పెట్టుకోవయ్యా మగడా" అంటే నవ్వేవాడు. "నా ఒంటిమీద ఎక్కడుందో నాకు తెలీదా ఏంటి?"

ఒకరోజు పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ అడుగునున్న లారీకి కొత్త తాడు కట్టడానికి దిగారు. ఇరవై అయిదు నిమిషాలకి మరిది ఒక్కడే తేలాడు. తేలడం కాదు, బుడగలాగా తన్నుకొచ్చాడు. ముక్కులోంచి రక్తం కారుతోంది. మెట్ల మీద మోకాళ్ళ మీద కూలబడి, "అన్నకి గుండె పట్టేసింది వదినా... నేను... నా చేతుల్లోనే..." అన్నాడు.

మొసలిని సాయంత్రానికి పైకి తెచ్చారు. లోతు నుంచి ఒక్కసారిగా పైకి రావడంతో పట్టుకున్న కీళ్ళ నొప్పులకి మరిదిని ఆసుపత్రిలో, గాలి ఒత్తిడి పెంచే ఇనప పీపాలాంటి ఒక గదిలో మూడు రోజులు ఉంచారు. డాక్టర్లు చావుకి కారణం నీళ్ళు మింగడమని రాశారు. గుండె ముందు ఆగిందా, నీళ్ళు ముందు మింగాడా అన్నది ఎవరూ తేల్చలేదు. వదిన కూడా అడగలేదు. పోయిన మనిషి ఏ పేరు పెట్టుకుని పోతే ఏం?

పన్నెండో రోజున పోలీసులు ఆయన సామానంతా ఒక గోనెసంచిలో తెచ్చి అప్పగించి, సంతకం పెట్టించుకుని వెళ్ళారు. వెనకగదిలో బల్ల మీద సంచి బోర్లించింది. ముందు ఊరికే కడుగుదామనే అనుకుంది. చేతులు వాటి అలవాటు కొద్దీ అవి పని చేసుకుపోయాయి. సిలిండరుకి గేజీ బిగించి చూసింది. ముల్లు నూట పది దగ్గర నిలబడింది.

సగానికి పైగా గాలి ఉంది.

రెండో మౌత్‌పీసు కోసం వెతికింది. ఛాతీ మీద లేదు, జేబులో లేదు. సిలిండరుని బిగించే పట్టీ కింద, వీపు వైపు ఇరుక్కుపోయి ఉంది. గొట్టం మడత పడిపోయింది. బల్ల మీద పెట్టి రెండు చేతులతో లాగినా రాలేదు. చివరికి పట్టీ కోయాల్సి వచ్చింది.

లేచి, షెడ్డు మూలకి వెళ్ళింది. ఆ రోజు మరిది విప్పి పడేసిన సిలిండరు అక్కడే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. గేజీ పెట్టింది. సున్నా.

గాలి అయిపోయింది తమ్ముడికి. చచ్చిపోయింది గాలి ఉన్నవాడు. లెక్క అంత తేలిగ్గా తేలిపోయింది. సిలిండరు పక్కనే సిమెంటు నేల మీద కూర్చుండిపోయింది. వీపు మీద అంత గాలి మోసుకుంటూ, ఊపిరాడక పోయాడన్నమాట. నోట్లోది తమ్ముడికి పోయి, రెండో మౌత్‌పీసు చేతికి దొరక్క.

ఆ సంగతి ఆమె మరిదితో అనలేదు. అత్తగారితోనూ అనలేదు. దుకాణానికి తాళం వేసి, బస్సులో రెండు గంటల దూరంలో ఉండే ఒక పెద్దమనిషి దగ్గరికి వెళ్ళింది. నేవీలో ముప్పై ఏళ్ళు నీటి అడుగున పనిచేసి రిటైరైనవాడు. ఇంటి పెరట్లో మొక్కలకి పాదులు చేసుకుంటూ, ఆమె చెప్పిందంతా విన్నాడు.

"మీ ఆయన మంచి ఈతగాడని నేనూ విన్నానమ్మా" అన్నాడు చేతుల మట్టి దులుపుకుంటూ. "ఈత వచ్చినవాడికే ఎక్కువ ప్రమాదం. తనకి ఏమీ కాదనుకుంటాడు. కింద మనకి పనికొచ్చేది ఈత కాదు, పద్ధతి. అది నేర్చుకుంటే విసుగొస్తుంది. నాలుగు రోజులకి పారిపోతావు."

"పారిపోను."

మూడు నెలలు నేర్చుకుంది. ఆయన చెప్పిన వాటిలో గొప్ప రహస్యమేదీ లేదు. జట్టులో అందరి పరికరాలూ అచ్చు ఒకేలా ఉండాలి. ఏది ఎక్కడుందో ఎదుటివాడి ఒంటి మీద కూడా కళ్ళు మూసుకుని తడిమి తీయగలగాలి. పక్కవాడికి గాలి అయిపోతే నోట్లో ఉన్నదాన్నే తీసి ఇవ్వాలి, దానికి రెండు మీటర్ల పొడవు గొట్టం ఉండాలి. రెండోది గడ్డం కిందే, మెడకి రబ్బరు తాడుతో వేలాడుతుండాలి. ఉన్న గాలిలో ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి, మూడో వంతు పక్కవాడి ప్రాణానికి. దిగేముందు ప్రతిసారీ తల నుంచి కాళ్ళ దాకా ఒకరినొకరు తడిమి చూసుకోవాలి, నిన్ననే చూసుకున్నా సరే.

"ఇంకొక్కటి" అన్నాడాయన చివరి రోజున. "బొటనవేలు పైకెత్తితే గట్టు మీద భేషు అని అర్థం. నీళ్ళలో 'ఇక చాలు, పైకి పోదాం' అని. జట్టులో ఎవడైనా సరే, ఎప్పుడైనా సరే ఎత్తచ్చు. ఎత్తాడంటే అయిపోయింది. ఎదుటివాడు అదే వేలు తిరిగి చూపించి వెనక్కి మళ్ళాలంతే. పైకొచ్చాక కూడా ఎందుకని అడగకూడదు. అడగడం మొదలుపెడితే వాడు రెండోసారి వేలెత్తడానికి మొహమాటపడతాడు. మొహమాటంతో చచ్చినవాళ్ళని నేను చాలామందిని పైకి తెచ్చాను."

వదిన తిరిగొచ్చి దుకాణం తెరిచింది. ఇక్కడ దిగాలంటే ఇలాగే దిగాలి అంది. పాత ఖాతాదార్లు ముందు నవ్వారు, తర్వాత గొణిగారు. సరదాకి దిగే చోట ఈ పరేడేంటన్నారు. ఒక హైస్కూల్లో బొమ్మలు నేర్పే డ్రాయింగు మేష్టారు ఉండేవాడు. చాలా మెత్తని మనిషి, ప్రతి ఆదివారం వచ్చేవాడు. వదిన నీళ్ళలో విజిలూ బెత్తమూ పట్టుకుని నిలబడితే చేపలన్నీ చేతులు కట్టుకుని వరసలో నిలబడినట్టు బొమ్మ గీసి గోడకి అంటించాడు. ఆమెకీ నవ్వొచ్చింది, తీయించలేదు. కానీ నెల తిరక్కుండా సగంమంది క్వారీ అవతలి గట్టు నుంచి సొంత సామానుతో దిగడం మొదలుపెట్టారు. మేష్టారు కూడా మొహం చాటేశాడు.

మరిది మాత్రం ఒక్క మాట ఎదురు చెప్పలేదు. కొత్త గొట్టాలు బిగించుకున్నాడు, ఎన్నిసార్లు చేయమంటే అన్నిసార్లు చేశాడు. ఇంటి ముందుగదిలో కుర్చీలు జరిపి, కళ్ళకి గుడ్డ కట్టుకుని, నేల మీద బోర్లా పడుకుని ఇద్దరూ సాధన చేస్తుంటే అత్తగారు గుమ్మంలో నిలబడి చూసేది. కొడుకు పోయాక ఆవిడ మాట తగ్గిపోయింది.

"పోయినవాణ్ణి తెస్తుందా ఇది?" అందొకసారి.

"ఉన్నవాణ్ణి పోనివ్వదు అత్తయ్యా" అంది వదిన.

అత్తగారు చిన్నకొడుకు వైపు చూసి లోపలికెళ్ళిపోయింది.

నీళ్ళలో మొదటి సాధన మూడు మీటర్ల లోతులో, ఒక ఇనప వేదిక మీద. మరిది గాలి లేదని సైగ చేయాలి. వదిన తన నోట్లోది తీసి ఇచ్చి, గడ్డం కిందిది తను పెట్టుకోవాలి. నిమిషం తర్వాత అతను తిరిగి ఇచ్చేయాలి. మరిది సైగ చేశాడు. ఆమె ఇచ్చింది. నిమిషమయ్యాక చెయ్యి చాపింది. అతను ఇవ్వలేదు. మళ్ళీ అతని మణికట్టు మీద తట్టింది. రెండు చేతులతో మౌత్‌పీసుని నోటికి అదిమిపట్టుకున్నాడు. మాస్కు వెనక కళ్ళు ఇంతింతై, ఆమెని చూస్తున్నాయి గానీ గుర్తుపట్టడం లేదు.

ఆమె గడ్డం కింద ఇంకొకటి ఉంది, హాయిగా ఊపిరి అందుతోంది. అలా ఊపిరి తీసుకుంటూనే అతని వేళ్ళని చూసింది. తప్పంతా ఇరుక్కుపోయిన ఆ రబ్బరు ముక్కదే అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ. అది సగమే.

మెట్ల దగ్గర కాళ్ళకున్న ఫిన్స్ విప్పుకుంటూ మరిది తల ఎత్తలేదు.

"చెప్పు" అంది.

"ఆ రోజు నా సిలిండరు అప్పటికే ఒకసారి వాడేసింది వదినా. చాలదేమో అన్నాను. పది నిమిషాల పనికి ఇంకోటి ఎందుకురా అన్నాడు. కింద అయిపోయింది. అన్న నోట్లోది నేనే లాక్కున్నాను. తను వెనక్కి తడుముకున్నాడు రెండోదాని కోసం. దొరకలేదు. నా చెయ్యి తట్టాడు. రెండుసార్లు తట్టాడు. ఒక్క గుక్క ఇవ్వమని... నవ్వుతున్నట్టే ఉంది మొహం. నేనివ్వలేదు. ఇద్దామనే ఉంది, చేతులు రాలేదు. తర్వాత తట్టడం మానేశాడు."

గట్టు మీద గాలికి రేకు ఒకటి కొట్టుకుంటోంది. వదిన లేచి షెడ్డులోకి వెళ్ళి, సిలిండర్లు నింపే కంప్రెసరు స్విచ్చి వేసింది. నింపాల్సినవేమీ లేవు. ఆ రొదలో ఎంత గట్టిగా ఏడ్చినా బయటికి వినపడదు.

ఇంటికెళ్ళాక అత్తగారికి ఎలా చెప్పాలా అని మంచం మీద కూర్చుని ఉంటే ఆవిడే వచ్చి పక్కన కూర్చుంది. "వాడు చెప్పాడా?" అంది.

వదిన తల తిప్పి చూసింది.

"నాకు తెలుసమ్మా. ఆసుపత్రిలో వాడి పక్కన మూడు రోజులున్నాను కదా. నిద్రలో నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, ఇవ్వను ఇవ్వను అని ఒకటే కలవరింత. పెద్దవాడిది ఏదో పట్టుకున్నాడని అప్పుడే అర్థమైంది." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఉన్నవాడు ఒక్కడు. వాణ్ణి కూడా పొమ్మని నేననలేను. నువ్వంటే మాత్రం కాదనను. నీకా హక్కుంది."

వదిన ఆ మాట అనలేదు. క్షమించిందా అంటే, లేదు. అన్నం పెట్టేటప్పుడు అతని మొహం చూడలేకపోయేది. కానీ మర్నాడు పొద్దున్న, "ఆరున్నరకి నీళ్ళ దగ్గరుండు" అంది. ఆ రోజు పదిసార్లు ఇచ్చింది, పదిసార్లు అడిగింది. ఏడోసారికి గానీ అతని వేళ్ళు వదల్లేదు. వర్షాకాలం మొదలయ్యేనాటికి అడక్కముందే ఇచ్చేస్తున్నాడు. చేతులకి నేర్పుతోంది ఆమె. లోపలి మనిషి సంగతి ఆమె ఎరుగదు.

ఆ ఏడు చివర్లో ఒక ఆదివారం పదిన్నరకి అవతలి గట్టు నుంచి కేకలు వినపడ్డాయి. కళ్ళద్దాలాయన ఒకాయన, డ్రాయింగు మేష్టారితో ఎప్పుడూ కలిసి దిగేవాడు, పరిగెత్తుకుంటూ చుట్టూ తిరిగి వచ్చాడు. ఇద్దరూ మోటార్ల గది సొరంగంలోకి వెళ్ళారట. తాడు కట్టుకోలేదు. అడుగునున్న రాతి పిండి లేచి పాలలాగా కమ్మేసింది. ఈయన గోడ తడుముకుంటూ ఎలాగో బయటపడ్డాడు. మేష్టారు రాలేదు.

"గాలి ఎంతుంది ఆయన దగ్గర?"

"పావుగంటకుంటుందేమో. ఇరవై నిమిషాలు... నాకు తెలీదమ్మా, తొందరగా!"

వదిన, మరిది నాలుగు నిమిషాల్లో సామాను తగిలించుకున్నారు. నీళ్ళ అంచున ఎదురెదురుగా నిలబడ్డారు. ఆమె అతని నెత్తి నుంచి మొదలుపెట్టింది. మాస్కు, గొట్టం, గడ్డం కింద రెండోది, వాల్వు, టార్చి, గేజీ.

"ఇప్పుడా లెక్కలు?" కళ్ళద్దాలాయన జుట్టు పీక్కున్నాడు. "అక్కడ మనిషి చస్తుంటే!"

ఆమె ఆపలేదు. తర్వాత మరిది ఆమెని చూశాడు. మొత్తం రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల్లో తప్పేమీ దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఇరవై ఎనిమిది మీటర్ల దగ్గర సొరంగం నోరు. ఆమె తాడుని బయటి ఇనప కమ్మీకి కట్టి, చుట్ట విప్పుకుంటూ ముందు సాగింది. మరిది తాడు మీద వేళ్ళు ఆనించి వెనకాల. చెయ్యి చాపితే ఆ చెయ్యే కనపడటం లేదు. టార్చి వెలుగు ఆ తెల్లటి మడ్డిలో మూరెడు దూరం పోయి ఆగిపోతోంది. గేజీని మాస్కుకి ఆనించుకుని చూసుకుంది. రెండు వందల పదితో దిగింది, నూట నలభైకి మళ్ళాలి. నూట యాభై ఉంది.

కప్పు వైపు మడ్డి కాస్త పలచబడినప్పుడు కనపడింది. ముందు, కొంచెం పైన, పసుపుపచ్చగా ఒక వెలుతురు. పది పన్నెండు బారల దూరం ఉంటుంది, అంతకన్నా లేదు. కదులుతోందో, మడ్డి కదలడం వల్ల అలా అనిపిస్తోందో తెలియడం లేదు.

భుజం మీద చెయ్యి పడింది. గట్టిగా నొక్కింది. ఆమె మాస్కు ముందుకి, టార్చి వెలుగులోకి ఒక చెయ్యి వచ్చింది. బొటనవేలు పైకి.

ఆమె వెలుతురు వైపు చూపించింది. అదొక్కటీ పద్ధతి తప్పింది. ఆ చెయ్యి కదల్లేదు. వేలు అలాగే ఉంది.

ఇంకా పది గీతల గాలి ఉంది ఆమె వాటాలో. అతన్ని వదిలేసి పోవచ్చు. ఒంటరిగా పది బారలు. పోతే అతను ఈ మడ్డిలో ఒక్కడే మిగులుతాడు, లేదా వెనకే వస్తాడు, రాకూడదనిపించినా వస్తాడు. ఒకసారి తన నోట్లోది వదలనివాడు. ఇప్పుడు వెనక్కి పోదామంటున్నవాడు. వాడి మాటకి ఎంత విలువివ్వాలి అన్న ఆలోచన ఆమెకి వచ్చింది. రాలేదంటే అబద్ధం.

బొటనవేలు పైకెత్తి చూపించింది. తాడు చుట్టుకుంటూ మళ్ళింది.

ఎవరో కబురు పెడితే పైన అప్పటికే మేష్టారి భార్య వచ్చి ఉంది. ఇంటి చెప్పులతోనే వచ్చింది, చేతి వేళ్ళకి ఇంకా సబ్బు నురగ ఆరలేదు. ఇద్దరే తేలడం చూసి ఆమె అరవలేదు. వదిన మెట్లెక్కేదాకా ఆగి, "కనపడ్డారా?" అంది.

అబద్ధం చెప్పడానికి క్షణం చాలు. "ఆయన కనపడలేదు. టార్చి వెలుతురు చూశాను."

"కదిలిందా?"

"తెలీలేదు."

"ఎంత దూరంలో?"

వదిన చెప్పింది. మేష్టారి భార్య గట్టు మీది నుంచి షెడ్డు దాకా చూపుతో కొలిచింది, పది బారలంటే ఎంతో. ఆ తర్వాత మొదలుపెట్టింది అరవడం.

ప్రభుత్వం వాళ్ళ డైవర్లు మూడు గంటలకి వచ్చారు. మేష్టారిని సొరంగం కప్పు దగ్గర నుంచి కిందికి దింపి తెచ్చారు. సిలిండరులో చుక్క గాలి లేదు. ఎప్పుడు అయిపోయిందో గేజీ చెప్పదు. వదిన టార్చి చూసినప్పటికే పోయాడా, ఇంకా రెండు గుక్కలు మిగిలాయా అన్నది ఎవరూ చెప్పలేకపోయారు. టార్చి మాత్రం సాయంత్రం దాకా వెలిగింది.

విచారణ ఒక మేడ మీద, ఫ్యాను కిర్రుమంటున్న గదిలో జరిగింది. అధికారి నెమ్మదస్తుడే. కాగితాలు తిరగేస్తూ అడిగాడు.

"మీ గాలి ఇంకా ఉంది. మరి ఎందుకు వెనక్కి వచ్చారు?"

"మా మరిది వెనక్కి అన్నాడు."

"ఆయన ఎందుకన్నారు?"

"అడగలేదు."

"తర్వాతైనా?"

"ఇప్పటిదాకా అడగలేదండీ."

అధికారి కళ్ళజోడు తీసి ఆమెని చూశాడు. "ఒక మనిషి ప్రాణం పోయింది. ఇన్ని వారాలుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. అడగాలనిపించలేదా?"

"రోజూ అనిపిస్తుంది" అంది వదిన.

ఆయన ఏదో రాసుకున్నాడు. చివరికి ఎవరి తప్పూ లేదని తేల్చారు. సొరంగం నోటికి ఇనప తలుపు బిగించారు. మేష్టారి భార్య మాత్రం తేల్చుకోలేదు. కొన్నాళ్ళు ప్రతి ఆదివారం వచ్చి, షెడ్డు ఎదురుగా రాయి మీద కూర్చుని, దిగేవాళ్ళనీ తేలేవాళ్ళనీ చూస్తూ ఉండేది. వదిన టీ పంపితే తాగేది కాదు. ఒక ఆదివారం రాలేదు. తర్వాత ఇక రాలేదు.

విచారణ రోజున మేడ మెట్లు దిగుతుంటే కింద మరిది రెయిలింగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళు లోపలికి పోయాయి.

"నేను చెప్పేస్తాను వదినా. నన్ను తినేస్తోంది. ఆ రోజు నేను ఎందుకు..."

"చెప్పొద్దు."

"నీకు తెలియాలి కదా!"

"తెలిస్తే తూకం వేస్తాను" అందామె. "నీ కారణం మేష్టారి ప్రాణానికి సరిపోయిందా లేదా అని పొద్దస్తమానం తూకం వేస్తూ కూర్చుంటాను. సరిపోలేదని తేలితే నిన్ను ఇంట్లో ఉంచలేను. అత్తయ్యకి ఇంకెవరున్నారు?"

అతను మెట్టు మీద కూర్చుండిపోయాడు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, భుజాలు అదిరిపోయేలా ఏడ్చాడు. పైకి పోయేవాళ్ళూ కిందికి వచ్చేవాళ్ళూ పక్కకి తప్పుకుని నడుస్తున్నారు. వదిన అతని పక్కన కూర్చోలేదు, వదిలి వెళ్ళిపోనూ లేదు. రెండు మెట్లు కింద, గోడకి ఆనుకుని, అతను లేచేదాకా నిలబడింది.